పొలిమేర దగ్గర ఆగిపోయే పటాలు

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. అక్కడ 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారని ఆ తీరంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అయితే ఏ మట్టానికి ఏ వీధి మునుగుతుందో, ఏ గూడేనికి దారి తెగుతుందో ముందే పటం మీద చూపించాలంటే ఒక ఊరి లెక్కలు చాలవు. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉంది. దాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. రెండు రాష్ట్రాల రెవెన్యూ, పంచాయతీరాజ్, జలవనరుల శాఖల దగ్గరా, కేంద్ర జల సంఘం దగ్గరా తలా కొంత సమాచారం ఉంది. దాన్నంతా తెచ్చి ఒకదాని మీద ఒకటి పరిస్తే అంచులు కలుస్తాయా?

చెరువు అలుగు పోస్తే నీళ్లు పక్క పంచాయతీలోకి పోతాయి. మున్సిపాలిటీ వేసిన రోడ్డు పొలిమేర దాటగానే పంచాయతీరాజ్ రోడ్డు అవుతుంది. పాలన ముక్కలుగా ఉంది, నేల మాత్రం ఒక్కటే. అందుకే స్థానిక సంస్థలు తమ పటాలనూ వాటి వెనకున్న పట్టికలనూ ఉమ్మడి ప్రమాణాల ప్రకారం తయారు చేసుకోవాలన్న ఆలోచన ముప్పై ఏళ్లుగా అనేక దేశాల్లో నలుగుతోంది. ఎక్కడ కుదిరిందో, ఎక్కడ ఆగిందో, మన రెండు రాష్ట్రాలు ఎక్కడున్నాయో ఒకసారి చూడాలి. నా అభిప్రాయం ముందే చెబుతాను. సాంకేతిక నిబంధనలు రాయడం చేతకాక ఓడిపోయినవాళ్లు దాదాపు లేరు. రాసుకున్నదాన్ని రోజూ ఎవరు నిలబెట్టాలో తేల్చుకోనివాళ్లే ఓడిపోయారు.

ముందు కొలతల సంగతి. భూమి ఆకారానికి 1830లో సర్వేయర్ జార్జ్ ఎవరెస్ట్ కట్టిన లెక్క మీదే మన పాత సర్వే పటాలన్నీ నడిచాయి. ఇప్పటి ఫోన్లూ సర్వే రోవర్లూ డబ్ల్యూజీఎస్-84 అనే ప్రపంచ ప్రమాణం మీద నడుస్తాయి. హైదరాబాద్ ప్రాంతంలో ఈ రెంటికీ మధ్య వంద మీటర్లకు పైగా తేడా వస్తుంది. పాత పటంలోని అక్షాంశ రేఖాంశాలను మార్చకుండా కొత్త పటంలో పెడితే చెరువు కట్ట వెళ్లి కాలనీ మధ్యలో కూర్చుంటుంది. 2005 జాతీయ పటాల విధానం ప్రజల వాడకానికి విడుదలయ్యే పటాలను డబ్ల్యూజీఎస్-84 మీదికి తెచ్చింది. అయినా స్థానిక కార్యాలయాల బీరువాల్లో, స్కాన్ చేసిన ఫైళ్లలో పాత లెక్క ఇంకా బతికే ఉంది.

ఇంకో చిక్కు మన రెండు రాష్ట్రాల భౌగోళిక స్థితిలోనే ఉంది. నేలను చదునైన కాగితం మీదికి దించడానికి వాడే యూటీఎం పద్ధతిలో భూగోళాన్ని ఆరేసి డిగ్రీల పట్టీలుగా కోస్తారు. 78 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఒక పట్టీ ముగుస్తుంది, 84 దగ్గర ఇంకొకటి. అనంతపురం, ఆదోని, వికారాబాద్ 43వ పట్టీలో పడతాయి. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం 44లో ఉంటాయి. ఇచ్ఛాపురం 45లోకి పోతుంది. అంటే ఒక్క ఆంధ్రప్రదేశే మూడు పట్టీల మీద పరుచుకుని ఉంది. ఏ మున్సిపాలిటీకి ఆ మున్సిపాలిటీ తన పట్టీలో పని చేసుకుని, ఆ సంగతి ఫైల్లో రాయకుండా రాష్ట్ర కార్యాలయానికి పంపితే, ఊరు వందల కిలోమీటర్ల అవతల తేలుతుంది. దీనికి పరిష్కారం ఒక్క వాక్యంలో ఉంది: ఏ పద్ధతిలో కొలిచారో ప్రతి ఫైలు తనతోపాటే చెప్పాలి. ఆ ఒక్క వాక్యం లేని ఫైళ్లే అడుగడుగునా ఎదురవుతాయి.

ఎత్తుల విషయంలో ఇది మరీ ప్రమాదం. ఉపగ్రహ పరికరం నేరుగా ఇచ్చే ఎత్తుకూ, సముద్రమట్టం నుంచి లెక్కించే ఎత్తుకూ మన ప్రాంతంలో పదుల మీటర్ల తేడా ఉంది. విజయవాడలో నిలబడి పరికరం చూపే ముడి అంకెను యథాతథంగా రాసుకుంటే నగరం సముద్రం కంటే కిందే ఉన్నట్టు కనిపిస్తుంది. వరద పటానికి అడుగూ అర అడుగూ కూడా ముఖ్యమే. ఒక సంస్థ ఒక లెక్కలో, పక్క సంస్థ ఇంకో లెక్కలో ఎత్తులు రాస్తే ఆ పటం చూసి ఎవరిని ఖాళీ చేయించాలి?

విస్తీర్ణాల దగ్గర మన చరిత్రే రెండు దారులు వేసింది. కోస్తా, రాయలసీమలు మద్రాసు ప్రెసిడెన్సీ సర్వే కిందికి వచ్చాయి. అక్కడ పొలం పటానికి ఎఫ్‌ఎంబీ, సాగు పద్దుకు అడంగల్, విస్తీర్ణానికి సెంట్లు. తెలంగాణ నిజాం కాలపు సెటిల్‌మెంటులో కొలిచిన నేల. అక్కడ పొలం పటానికి టిప్పన్, సెటిల్‌మెంటు రిజిస్టరుకు సేత్వార్, సాగు పద్దుకు పహాణీ, విస్తీర్ణానికి గుంటలు. ఎకరానికి వంద సెంట్లు, నలభై గుంటలు కాబట్టి లెక్క మార్చుకోవడం కష్టమేమీ కాదు. రికార్డుల నిర్మాణం వేరు కావడమే అసలు కష్టం. ఒక రికార్డులో ఉన్న గడి ఇంకో రికార్డులో ఉండదు.

ఇక బయటి అనుభవాలు. అమెరికాలో 1994లో అధ్యక్షుడు క్లింటన్ ఒక కార్యనిర్వాహక ఉత్తర్వుతో జాతీయ భౌగోళిక సమాచార వ్యవస్థకు పునాది వేశారు. ఆ ఉత్తర్వు కట్టడి చేసింది కేంద్ర శాఖలను. భూమి ముక్కల వివరాలూ ఇళ్ల చిరునామాలూ ఉండేది మూడు వేల పైచిలుకు కౌంటీల దగ్గర. వాటిని ఆజ్ఞాపించే అధికారం వాషింగ్టన్‌కు లేదు. అందుకే అక్కడ పాఠం నేర్పింది రాజధాని కన్నా మిన్నెసోటా రాష్ట్రంలోని మినియాపొలిస్–సెయింట్‌పాల్ జంట నగరాల ప్రాంతం అంటాను. ఆ ప్రాంతంలో ఏడు కౌంటీలున్నాయి. ఒక్కోటి తన భూముల పట్టికను తనకు తోచినట్టు కట్టుకుంది. 1990ల నడుమ మొదలైన మెట్రోజీఐఎస్ అనే సహకార వేదిక ఆ ఏడింటినీ తమ వ్యవస్థలు పారేసి కొత్తది పెట్టుకోమని అడగలేదు. మీ ఇంట్లో మీ పద్ధతే ఉంచుకోండి, బయటికి ఇచ్చేటప్పుడు మాత్రం అందరం ఒప్పుకున్న గడుల్లో నింపి ఇవ్వండి అంది. కౌంటీలు మూడు నెలలకోసారి తమ సమాచారాన్ని ఆ రూపంలోకి మార్చి పంపితే, ప్రాంతీయ మండలి దాన్ని ఒక్క పటంగా అతికించింది. మొదట్లో ఆ సమాచారం ప్రభుత్వ సంస్థలకూ విశ్వవిద్యాలయాలకూ ఉచితం, మిగతావాళ్లకు రుసుము. తర్వాత కౌంటీలు ఒక్కొక్కటిగా తలుపులు తెరిచాయి. ఇలా ఒప్పించడానికి ఏళ్లు పట్టింది. ఆ ఏళ్లు వృథా అని నేననుకోను. కౌంటీ అధికారికి తన పక్క కౌంటీ సమాచారం ఉచితంగా చేతికొచ్చిన రోజే ఆ ఒప్పందం నిజమైంది.

అమెరికాలోనే ఇంకో ఒత్తిడి పనిచేసింది. అది అత్యవసర ఫోన్ నంబరు 911. కొత్త తరం వ్యవస్థలో కాల్ ఎవరికి పోవాలో ఫోన్ ఉన్న చోటును బట్టి పటమే నిర్ణయిస్తుంది. రెండు పొరుగు సంస్థల సరిహద్దు గీతల మధ్య ఖాళీ ఉంటే ఆ ఖాళీలో ఉన్నవాడి కాల్ ఎవరికీ చెందదు. గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కితే ఇద్దరికీ చెందుతుంది. ప్రాణం మీదికి వచ్చే పని కావడంతో, ఎన్నడూ మాట్లాడుకోని కౌంటీలు కూర్చుని గీతలు కలుపుకోవాల్సి వచ్చింది. మన దగ్గర 108 అంబులెన్స్ సేవ 2005 ఆగస్టు 15న మొదలైంది హైదరాబాద్‌లోనే. ఇప్పటికీ ఆ ఫోనెత్తినవాళ్లు ఏ గుడి దగ్గర, ఏ బస్టాపు పక్కన అని అడిగి తెలుసుకోవాల్సిన ఊళ్లు మనకు లెక్కలేనన్ని ఉన్నాయి.

యూరప్ చట్టం దారి పట్టింది. 2007లో యూరోపియన్ యూనియన్ తెచ్చిన ఇన్‌స్పైర్ ఆదేశం 34 అంశాల సమాచారాన్ని ఒకే రూపంలోకి తేవాలంది. నిబంధనలు మరీ బరువై చిన్న మున్సిపాలిటీలు మోయలేకపోయాయన్న విమర్శ దాని మీద గట్టిగానే ఉంది. అంతకన్నా చిన్నగా మొదలుపెట్టిన డెన్మార్క్‌ది మంచి ఫలితం. అక్కడ చిరునామా ఇచ్చే అధికారం మున్సిపాలిటీలదే. 2002లో ఆ చిరునామాల సమాచారాన్ని అందరికీ అందుబాటులో పెట్టాలని ప్రభుత్వమూ స్థానిక సంస్థలూ ఒప్పుకున్నాయి. 2005 నుంచి 2009 వరకు ఖర్చు 20 లక్షల యూరోలు కాగా నేరుగా వచ్చిన ప్రయోజనం సుమారు 6.2 కోట్ల యూరోలని తర్వాత లెక్కగట్టారు. పోలీసులు, అగ్నిమాపక దళం, పోస్టు, కొరియర్, బీమా, అందరూ ఒకే జాబితా వాడితే ఎంత డబ్బు మిగులుతుందో ఆ అంకె చెబుతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది నెదర్లాండ్స్ పద్ధతి. అక్కడ 2009లో అమల్లోకి వచ్చిన చిరునామాలు, భవనాల మూల రిజిస్టరు చట్టంలో మూడు బాధ్యతలు ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. ఒకటి, రిజిస్టరును మున్సిపాలిటీ నిర్వహించాలి. భవనం లేచినా కూలినా మొదట తెలిసేది దానికే. రెండు, మిగతా ప్రభుత్వ సంస్థలన్నీ ఆ రిజిస్టరునే వాడాలి, సొంత జాబితా పెట్టుకోకూడదు. మూడోది అసలు కిటుకు. వాడుతుండగా తప్పుందని అనుమానం వస్తే ఆ సంగతి మున్సిపాలిటీకి తెలియజేయడం వాడినవాళ్ల విధి. మున్సిపాలిటీ దాన్ని పరిశీలించి తీరాలి. తప్పు దొరికితే అది సొంత కంప్యూటర్లో దిద్దుకుని ఊరుకోవడం ఏ శాఖకైనా సహజం. దాంతో అసలు రిజిస్టరు తప్పుగానే మిగిలిపోతుంది, పది శాఖల్లో పది సవరణలు పుడతాయి. ఆ దారిని చట్టమే మూసేసింది.

బ్రిటన్ మరో కోణం చూపింది. అక్కడ ప్రతి ఆస్తికీ స్థానిక మండలి ఒక అంకె కేటాయిస్తుంది. యూపీఆర్‌ఎన్ అంటారు, పన్నెండు అంకెల దాకా ఉండొచ్చు. స్థానిక సంస్థల సంఘం, జాతీయ పటాల సంస్థ ఆర్డినెన్స్ సర్వే కలిసి పెట్టిన జియోప్లేస్ దాన్ని దేశమంతటికీ కూర్చుతుంది. వ్యవస్థ చక్కనిదే గానీ లైసెన్సుల ముళ్లకంచె వల్ల ఏళ్ల తరబడి చాలామందికి అందలేదు. 2020 జులైలో ఆ అంకెలను స్వేచ్ఛగా వాడుకునే వీలు కల్పించారు. మరోవైపు 2013లో రాయల్ మెయిల్‌ను ప్రైవేటుకు ఇచ్చినప్పుడు పోస్టల్ చిరునామాల జాబితా కూడా దాంతోపాటే వెళ్లిపోయింది. పోగొట్టుకున్నాక తిరిగి కట్టుకోవడం ఎంత ఖరీదో అక్కడివాళ్లు ఇప్పటికీ చర్చించుకుంటున్నారు.

మన దేశంలో ప్రమాణాలకు కరువు లేదు. నిజానికి ప్రతి పథకమూ తన ప్రమాణంతోనే వచ్చింది. 2006లో జాతీయ పట్టణ సమాచార వ్యవస్థ పదివేలకు ఒకటి, రెండువేలకు ఒకటి స్కేళ్లలో పటాలు వేయించింది. దాదాపు పదేళ్లకు అమృత్ పథకం నగరాల మాస్టర్ ప్లాన్లకు నాలుగువేలకు ఒకటి స్కేలు పెట్టింది. 2020 ఏప్రిల్ 24న మొదలైన స్వామిత్వ గ్రామాల్లో ఇళ్లున్న ప్రాంతాన్ని డ్రోన్లతో కొలుస్తోంది. 2025 ఫిబ్రవరిలో 152 పట్టణాల్లో మొదలైన నక్షా పట్టణ భూములను కొలుస్తోంది. 2021 ఫిబ్రవరిలో పటాల తయారీ మీద పాత ఆంక్షలు సడలించారు. 2022 డిసెంబరులో జాతీయ జియోస్పేషియల్ విధానం వచ్చింది. ఇవన్నీ ముందడుగులే, ఇష్టంగానే ఒప్పుకుంటాను. కానీ ప్రతి పథకంలోనూ సర్వే అయ్యాక, గుత్తేదారు ఫైలు అప్పగించి వెళ్లాక, మరుసటి నెల కట్టిన ఇంటిని ఆ పటంలో ఎవరు చేర్చాలన్న ప్రశ్నకు సమాధానం బలహీనంగా ఉంది. గ్రామ పంచాయతీకి అందుకని కేటాయించిన మనిషీ లేడు, పద్దూ లేదు.

ఇక గుర్తింపు సంగతి. ఇక్కడ మన అనుభవం ప్రపంచానికే పాఠం కాగలంత గట్టిది. చింతూరును తీసుకోండి. 2011 జనగణనలో అది ఖమ్మం జిల్లాలో ఉంది. 2014లో తూర్పు గోదావరికి వెళ్లింది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 13 నుంచి 26 అయినప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. ఎనిమిదేళ్లలో మూడు జిల్లాలు. ఆ మండలంలో పదేళ్ల మలేరియా కేసులు వరుసలో చూడాలనుకున్న వైద్యాధికారి మూడు చోట్ల వెతికి అతికించుకోవాలి. తెలంగాణలో 2016 అక్టోబరు 11న ఒక్కరోజే 10 జిల్లాలు 31 అయ్యాయి, 459 మండలాలు 584 అయ్యాయి. 2019లో మరో రెండు జిల్లాలు వచ్చాయి. పాలన సౌలభ్యం కోసం హద్దులు మారడం తప్పేమీ కాదు. పాత హద్దుకూ కొత్త హద్దుకూ లంకె వేసే పట్టికలు వెంటనే, అందరికీ దొరికేలా వెలువడకపోవడమే తప్పు.

కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ ఈ లంకె కోసం పుట్టిందే. రాష్ట్రం నుంచి గ్రామం దాకా ప్రతి పాలనా విభాగానికీ అందులో ఒక కోడ్ ఉంటుంది. మన దగ్గర దీన్ని మించిన ఉమ్మడి పునాది ఇంకొకటి లేదని నా నమ్మకం. అయినా అన్ని శాఖలూ దాన్ని వాడవు. ఆంధ్రప్రదేశ్ ఆ డైరెక్టరీలో 28, జీఎస్టీలో 37. రాష్ట్రానికే రెండు అంకెలుంటే గ్రామాల సంగతి వేరే చెప్పాలా? కోడ్ లేనిచోట పేరుతో వెతుకుతారు. కొత్తపల్లులూ రామాపురాలూ ఎన్ని ఉన్నాయో, ఇంగ్లిషు అక్షరాల్లో వాటిని ఎన్ని రకాలుగా రాస్తారో పనిచేసిన ప్రతి ఆపరేటరుకూ తెలుసు.

భూమి ముక్కల గుర్తింపులో పెద్ద ప్రయోగం ఆంధ్రప్రదేశ్ రీసర్వే. 2020 డిసెంబరు 21న మొదలైంది. డ్రోన్లు, రోవర్లు, నిరంతరం సంకేతాలందించే బేస్ స్టేషన్లు వాడారు. కొలత విషయంలో అది పాత గొలుసు సర్వే కన్నా చాలా ముందుకు వెళ్లింది. గొడవ లేచింది మరో చోట. తరాలుగా రైతు నోట నానిన సర్వే నంబరు, సబ్‌డివిజన్ పోయి ఎల్పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు వచ్చింది. విస్తీర్ణంలో తేడాలు, ఇద్దరు ముగ్గురి భూమికి కలిపి ఒకే ఎల్పీఎం వంటి ఫిర్యాదులు గ్రామసభల్లో వెల్లువెత్తాయి. రైతు చేతిలోని దస్తావేజులో, బ్యాంకు కాగితంలో, కోర్టు తీర్పులో ఉన్నది పాత నంబరే. దేశవ్యాప్తంగా తెస్తున్న పద్నాలుగు అక్షరాల భూ ఆధార్ సంఖ్యకూ ఇదే పరీక్ష ఎదురవుతుంది. కొత్త సంఖ్య ఎంత గొప్పదైనా పాత సంఖ్యతో దాని బంధం రైతుకు కనిపించేలా ఉంచకపోతే ఆ ఊరు దాన్ని నమ్మదు. నమ్మకపోవడం ఊరి తప్పు కాదు.

ఇంటి సంగతి మరీ చిందరవందర. పల్లెలో ఇళ్లున్న చోటు గ్రామకంఠం. తరాలుగా అక్కడ విడివిడి సర్వే నంబర్లే లేవు. పంచాయతీ ఇచ్చిన డోర్ నంబరు ఒకటి, పన్నుకు అసెస్‌మెంట్ నంబరు ఇంకొకటి, కరెంటు మీటరుకు సర్వీస్ నంబరు మరొకటి. ఒకే గుమ్మానికి ఇన్ని గుర్తులుండీ ఒకటి ఇంకొకదాన్ని గుర్తుపట్టదు. 2007లో హైదరాబాద్ చుట్టూ ఉన్న 12 మున్సిపాలిటీలనూ 8 పంచాయతీలనూ కలిపి జీహెచ్ఎంసీ చేసినప్పుడు ఒక్కో ఊరి నంబర్ల పద్ధతి ఒక్కోలా ఉండేది. ఆ అతుకులు ఈనాటికీ చిరునామాల్లో కనిపిస్తాయి. 2025 మేలో తపాలా శాఖ తెచ్చిన డిజీపిన్ మంచి ప్రయత్నం. దాని తయారీలో ఐఐటీ హైదరాబాద్, మన బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ సెంటర్ పాలుపంచుకున్నాయి. దేశాన్ని దాదాపు నాలుగు మీటర్ల గడులుగా కోసి ఒక్కో గడికి పది అక్షరాల కోడ్ ఇచ్చారు. కానీ అది చోటును చెబుతుంది, ఇంటిని చెప్పదు. పది అంతస్తుల భవనంలో ఒకదాని మీద ఒకటున్న పది ఫ్లాట్లకూ ఒకే కోడ్ వస్తుంది. పెద్ద ఇంటికి నాలుగైదు కోడ్లు వస్తాయి. డోర్ నంబరుకు అది తోడు కాగలదు గానీ దాని స్థానంలో కూర్చోలేదు.

ఉమ్మడి ప్రమాణాల మీద వచ్చే అభ్యంతరాల్లో గోప్యతది న్యాయమైనది. ఇంటి గీతా, వీధి పేరూ, డోర్ నంబరూ అందరికీ తెరవొచ్చు. యజమాని పేరు, ఫోన్, పన్ను బకాయి అదే ఫైల్లో ఉండకూడదు. రెంటినీ మొదటి రోజే విడిగా ఉంచితే తర్వాత ఇబ్బంది లేదు. ఖర్చు గురించిన అభ్యంతరం నాకు సరిగా అనిపించదు. ఒకే వీధిని కార్పొరేషన్, జలమండలి, విద్యుత్ సంస్థ, టెలికాం కంపెనీ విడివిడిగా సర్వే చేయించుకోవడానికి ఇప్పటికే డబ్బు పెడుతున్నాం. 2023 మార్చిలో తవ్వకానికి ముందు సమాచారం ఇచ్చుకోవడానికి కేంద్రం ఒక యాప్ తెచ్చింది. దాని అవసరమే చెబుతోంది, నేల కింద ఎవరి పైపు ఎక్కడుందో పక్క సంస్థకు తెలియదని.

చిన్న పంచాయతీలు ఈ బరువు మోయలేవన్న మాట మాత్రం నిజం. అందుకే మెట్రోజీఐఎస్ చూపిన దారి మనకు సరిపడుతుంది. పంచాయతీ నుంచి ఎక్కువ అడగకూడదు. హద్దు, వీధులు, డోర్ నంబర్లు, ఈ మూడు చాలు. ఒక్కోదానికి నింపాల్సిన గడులు పదికి మించకూడదు. అతికించే పని జిల్లా స్థాయిలో జరగాలి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయిలో సర్వేయర్ పోస్టులు ఉన్నాయి. తెలంగాణ 2025లో భూ భారతి చట్టంతోపాటు లైసెన్స్డ్ సర్వేయర్లకు శిక్షణ ఇచ్చింది. మనుషులు ఉన్నారు. కొత్త ఇంటికి నంబరు ఇచ్చిన రోజే దాన్ని పటంలో చేర్చడం వాళ్ల ఉద్యోగ విధుల్లో రాయాలి. ఆ పటం మీదే కరెంటు కనెక్షనూ కుళాయీ రేషన్ కార్డూ ఇవ్వాలని మిగతా శాఖలను కట్టడి చేయాలి. తప్పు కనిపిస్తే పంచాయతీకి చెప్పే బాధ్యత వాళ్లకు పెట్టాలి. ఒకసారి ఇచ్చిన కోడ్‌ను, ఆ ఇల్లు కూలినా ఊరు విలీనమైనా, ఇంకొకరికి ఇవ్వకూడదు.

ఇదంతా ఒక్క ఏడాదిలో కాదు. కానీ రేపే మొదలుపెట్టగల పని ఒకటుంది. కొత్త మండలం, కొత్త మున్సిపాలిటీ, విలీనం, విభజన, ఏ జీవో వచ్చినా కొత్త హద్దుల డిజిటల్ ఫైలునూ, పాత కోడ్లకూ కొత్త కోడ్లకూ లంకె వేసే పట్టికనూ దానికి అనుబంధంగా అదే రోజు ప్రచురించాలని రెండు రాష్ట్ర ప్రభుత్వాలనూ కోరుతున్నాను. ఇందుకు చట్టం అక్కర్లేదు, సర్వే అక్కర్లేదు. ఏ గ్రామం ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో రాసుకోకుండా అలాంటి జీవో తయారు చేయడమే సాధ్యం కాదు.